ఉక్కు టన్నులు, ఊళ్ల లెక్కలు

జంషెడ్‌పూర్ కర్మాగారంలో తొలి ఉక్కు దిమ్మె తయారైన 1912లోనే లండన్‌లో మరో పని మొదలైంది. జంషెడ్‌జీ టాటా చిన్న కొడుకు సర్ రతన్ టాటా, పేదరికం ఎందుకు వస్తోందో శోధించమని లండన్ విశ్వవిద్యాలయానికి ఏడాదికి 1,400 పౌండ్ల చొప్పున విరాళం ప్రకటించారు. ఆ డబ్బుతో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ఏర్పడిన సంస్థకు ఆర్థిక చరిత్రకారుడు ఆర్.హెచ్. టానీ సారథి అయ్యారు. గణాంకవేత్త ఎ.ఎల్. బౌలీ రెడింగ్, నార్తాంప్టన్ వంటి ఇంగ్లండు పట్టణాల్లో కార్మికుల ఇళ్లలో కొన్నింటిని నమూనాగా ఎంచుకుని, ఎంతమందికి కడుపునిండా తిండి అందడం లేదో తేల్చారు. ఆ ఫలితాలు 1915లో రతన్ టాటా ఫౌండేషన్ పేరు మీద పుస్తకంగా వెలువడ్డాయి. పాలిత దేశపు డబ్బుతో పాలకుల దేశంలో పేదరికాన్ని కొలిచారన్నమాట.

ఒక దేశానికి సాయం చేసే ముందు అక్కడి ఇబ్బందులేమిటో తేల్చుకోవడం నేడు అంతర్జాతీయ సంస్థలకు నిత్యకృత్యం. ఈ వందేళ్లలో ఆ పనికి ఎన్నో కొలబద్దలు వచ్చాయి, మారాయి. జంషెడ్‌పూర్ మీద, దాని చుట్టుపక్కల ఊళ్ల మీద వాటిలో చాలావాటి ముద్ర కనిపిస్తుంది. ఏ కాలంలో దేన్ని లెక్కపెట్టారు, ఎవరిని లెక్కలో వేసుకోలేదు అన్నది ఇక్కడ చూసినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు.

తొలి కొలతలు కార్మికుడి ఇంటి నుంచి మొదలయ్యాయి. 1910ల చివర్లో టాటా కంపెనీ సామాజిక పరిశోధకులు సిడ్నీ వెబ్, బియాట్రిస్ వెబ్ దంపతులను, లండన్ స్కూల్ ఆచార్యులను సంప్రదించి, పట్టణంలో వైద్యం, సంక్షేమం ఎలా ఉండాలో సూచనలు రాయించుకుంది. బౌలీ తర్వాత ఇండియాకే వచ్చారు. ఆయన, ఆర్థికవేత్త డి.హెచ్. రాబర్ట్‌సన్ కలిసి ఇక్కడి ఆర్థిక గణన ఎలా జరగాలో 1934లో ప్రభుత్వానికి నివేదిక ఇచ్చారు. స్వాతంత్ర్యం వచ్చాక, 1950లో, గణాంకవేత్త మహలనోబిస్ చొరవతో జాతీయ నమూనా సర్వే మొదలైంది.

పట్టణ ప్రణాళికలోనూ ఇలాంటి ప్రయాణమే జరిగింది. నాజీల పాలన తప్పించుకుని వచ్చిన జర్మన్ వాస్తుశిల్పి ఒట్టో కోనిగ్స్‌బర్గర్ మైసూరు సంస్థానంలో పనిచేస్తూ 1940ల మధ్యలో జంషెడ్‌పూర్ అభివృద్ధి ప్రణాళిక రాశారు. ఆ తర్వాత భారత ప్రభుత్వంలో గృహనిర్మాణ శాఖ డైరెక్టరుగా పనిచేశారు. 1950లలో ఐక్యరాజ్య సమితి బృందంతో గోల్డ్ కోస్ట్‌కు (నేటి ఘనా), 1963లో సింగపూర్‌కు వెళ్లి, ఆ దేశాల ఇళ్ల కొరతకు పరిష్కారాలు సూచించారు. జంషెడ్‌పూర్‌లో గడించిన అనుభవం అలా ఐక్యరాజ్య సమితి బృందాల దాకా వెళ్లింది.

ఇంతలో ప్రపంచబ్యాంకు రంగంలోకి దిగింది. 1949లో రైల్వేలకు ఇచ్చిన రుణమే ఇండియాకు దాని తొలి రుణం. రెండో పంచవర్ష ప్రణాళికలో ఉక్కుకు పెద్దపీట వేసేసరికి టాటా కర్మాగారం వంతు వచ్చింది. ఉత్పత్తి సామర్థ్యాన్ని ఏడాదికి 20 లక్షల టన్నులకు పెంచడానికి 1956లో 7.5 కోట్ల డాలర్లు, మరుసటి ఏడాది ఇంకో 3.25 కోట్ల డాలర్లు అప్పుగా అందాయి. హామీ భారత ప్రభుత్వానిది; విస్తరణ పనులు అమెరికాకు చెందిన కైజర్ కంపెనీవి. అంచనా అంతా టన్నుల్లో, డాలర్లలో, తిరిగి చెల్లించే శక్తిలో జరిగింది. దాని ఫలం నిజమైనదే. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చి, బిష్టుపూర్‌లో రామమందిరం కట్టుకుని తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఆ కొలిమే బతుకుదెరువు.

1957 నాటికి దేశంలో విదేశీ మారకద్రవ్యం అడుగంటింది. 1958 ఆగస్టులో సాయం చేసే దేశాలు వాషింగ్టన్‌లో సమావేశమయ్యాయి. అదే ఎయిడ్ ఇండియా కన్సార్షియం. 1960లో ఇండియా, పాకిస్తాన్‌ల పరిస్థితి చూసి రమ్మని ప్రపంచబ్యాంకు ముగ్గురిని పంపింది. ఆలివర్ ఫ్రాంక్స్, హెర్మన్ ఆబ్స్, అలన్ స్ప్రౌల్. ముగ్గురూ బ్యాంకర్లే. 1964లో బెర్నార్డ్ బెల్ నాయకత్వంలో వచ్చిన బ్యాంకు బృందం మరింత లోతుకు వెళ్లి వ్యవసాయాన్ని, దిగుమతి ఆంక్షలను, రూపాయి విలువను పరిశీలించింది. ఆ బృందం సూచించినట్టే రూపాయి విలువ తగ్గించడంతో 1966 జూన్ 6న డాలరు 4.76 రూపాయల నుంచి 7.50కి చేరింది. ఒక అంచనా నివేదిక ఎంత దూరం వెళ్లగలదో దేశం మొత్తానికీ అప్పుడు తెలిసివచ్చింది.

టన్నులు, డాలర్ల కొలబద్దకు అందనిది ఏమిటో సువర్ణరేఖ నది ఒడ్డున బయటపడింది. జంషెడ్‌పూర్‌కు ఎగువన చాండిల్ దగ్గర ఆనకట్ట కట్టడానికి, ఖర్కాయి నది మీద ఇచా దగ్గర మరొకటి కట్టడానికి 1978లో బీహార్, ఒడిశా, పశ్చిమ బెంగాల్ ఒప్పందం చేసుకున్నాయి. 1982లో ప్రపంచబ్యాంకు 12.7 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. సాగుకు ఎన్ని ఎకరాలు, పరిశ్రమలకు ఎంత నీరు అన్న లెక్కలు పక్కాగా ఉన్నాయి. ఒక్క చాండిల్ జలాశయం కిందే వందకు పైగా గ్రామాల భూములు పోతాయని తెలుసు. ఇళ్లూ పొలాలూ పోయేవారిని కాపాడాలన్న విధానాన్ని బ్యాంకు 1980లోనే రాసుకుంది కూడా. అయినా సంతాలులు, భూమిజులు, హోలు, కుడ్మీల ఊళ్లకు పునరావాసం సరిగా అందలేదు. ఉద్యమాలు వచ్చాయి, పోలీసు కాల్పులు జరిగాయి.

ఇప్పుడు చాండిల్ జలాశయంలో నీటిమీద తేలే చట్రాలు వరసగా కనిపిస్తాయి. ఒక్కో చట్రానికి కిందికి వల వేలాడుతుంది. అందులో పంగాసియస్ చేపలు పెరుగుతాయి. వాటికి పడవలో వెళ్లి మేత వేసేది నిర్వాసితులే. సహకార సంఘంగా ఏర్పడి ఈ పని చేస్తున్నారు. ఒకప్పుడు దుక్కి దున్నిన నేల ఆ వలల కింద, నీటి అడుగున ఉంది. ఈ ఉపాధిని వాళ్లు కూడబలుక్కుని తెచ్చుకున్నారు. పొలం పోయిన రోజే వాళ్లను కూర్చోబెట్టి అడిగి ఉంటే ఇన్నేళ్ల నష్టం తప్పేది.

నర్మదా లోయలో ఆనకట్ట నిర్వాసితుల పోరాటం తర్వాత బ్యాంకు 1993లో బాధితులే ఫిర్యాదు చేసుకోగల తనిఖీ ప్యానెల్‌ను ఏర్పాటు చేసింది. అంతకు ముందే, 1990లో, ఆర్థికవేత్త మహబూబుల్ హక్ చొరవతో మానవాభివృద్ధి సూచిక వచ్చి, ఆదాయంతో పాటు ఆయుష్షును, చదువును లెక్కలో చేర్చింది. బ్యాంకు పరిశీలన రాష్ట్రాల స్థాయికీ దిగింది. 1998 నాటి ఆంధ్రప్రదేశ్ ఆర్థిక పునర్నిర్మాణ రుణం తెలుగువాళ్లకు గుర్తే. జార్ఖండ్ సమ్మిళిత అభివృద్ధికి ఎదురయ్యే సవాళ్లపై బ్యాంకు 2007లో నివేదిక ఇచ్చింది. పల్లె ఉత్పత్తిదారుల సంఘాల కోసం ఉద్దేశించిన జోహార్ పథకానికి 2017లో 10 కోట్ల డాలర్లు ఇచ్చింది. నీతి ఆయోగ్ బహుముఖ పేదరిక లెక్కల్లో జార్ఖండ్ పేదల వాటా 2015-16లో 42.10 శాతం, 2019-21 నాటికి 28.81 శాతం. ఇది చిన్న మార్పు కాదు.

2018లో కేంద్రం వెనుకబడిన జిల్లాలను ఎంపిక చేసి, ఆకాంక్షిత జిల్లాలని పేరు పెట్టింది. జార్ఖండ్‌లోని 24 జిల్లాల్లో 19 ఆ జాబితాకెక్కాయి. వాటిలో జంషెడ్‌పూర్ కేంద్రంగా ఉన్న తూర్పు సింగ్‌భూమ్ కూడా ఉంది. వందేళ్లకు పైగా ఉక్కు పోస్తున్న జిల్లా అది. ఆరోగ్యం-పోషణ, విద్య, వ్యవసాయం-నీటివనరులు, బ్యాంకు సేవలు-నైపుణ్యాలు, మౌలిక వసతులు అనే ఐదు విభాగాల్లో 49 సూచికలతో ఈ జిల్లాల ప్రగతిని కొలుస్తున్నారు. నిర్వాసితుల పునరావాసం ఆ ఐదింటిలో ఒక విభాగం కాదు. ఆనకట్టలకూ గనులకూ కర్మాగారాలకూ భూములిచ్చిన రాష్ట్రంలో ఏ సాయానికి ప్రణాళిక వేసినా, భూమి పోయిన కుటుంబాలు ఎన్ని, వాటిలో ఎన్నిటికి భూమి, పని, పట్టా దక్కాయి అన్న లెక్కను ఆ కుటుంబాలతోనే కలిసి తేల్చి, దాన్ని మొదటి పేజీలో వేయాలి.