సెలవు చీటీలో రాయనిది

"నాకు జ్వరంగా ఉన్నందున..." బళ్ళో మనందరం కంఠతా పట్టిన వాక్యం ఇది. ముప్పై దాటాక, ఒక కాలేజీలో పాఠాలు చెబుతున్న రోజుల్లో, రక్తస్రావం ఆగక రెండు రోజులు మంచం దిగలేనప్పుడు కూడా నేను ఇదే రాశాను. ఉన్నది రాస్తే ఆ కాగితం ఎన్ని చేతులు మారుతుందో నాకు తెలుసు. నాతో పనిచేసిన అధ్యాపకురాళ్ళలో చాలామందికి ఏళ్ళ తరబడి నెలనెలా ఇదే "జ్వరం" వస్తోందని తర్వాత తెలిసింది.

నిజం చెప్పమని ఉద్యోగం ఇచ్చేవాళ్ళే నిలదీసిన చరిత్ర కూడా ఉంది. 1989లో నీరా మాథుర్ ఎల్.ఐ.సి.లో అసిస్టెంట్ ఉద్యోగానికి రాతపరీక్ష, ఇంటర్వ్యూ రెండూ నెగ్గారు. అప్పుడు ఆమె చేతికి ఒక డిక్లరేషన్ ఫారం వచ్చింది. నెలసరి సక్రమంగా వస్తుందా? నొప్పి ఉంటుందా? చివరిసారి ఎప్పుడు వచ్చింది? ఎన్నిసార్లు గర్భం వచ్చింది? గర్భస్రావాలు అయ్యాయా? అన్నీ నింపారు. సంస్థ ప్యానెల్‌లోని లేడీ డాక్టరు పరీక్షించి ఆరోగ్యంగా ఉన్నారని చెప్పింది. సెప్టెంబరులో ఉద్యోగంలో చేరారు. డిసెంబరులో ప్రసూతి సెలవు అడిగారు. 1990 జనవరిలో బిడ్డ పుట్టింది. ఫిబ్రవరిలో, ప్రొబేషన్ ముగియకముందే, ఉద్యోగం పోయింది.

ఫారంలో రాసిన నెలసరి తేదీకీ కాన్పు జరిగిన నర్సింగ్‌హోం రికార్డులోని తేదీకీ పొంతన లేదన్నది కోర్టులో సంస్థ చూపిన కారణం. ఢిల్లీ హైకోర్టు ఆమె మొర వినలేదు. 1991 అక్టోబరు 31న సుప్రీంకోర్టు ఆమెను తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమంది. ఆమె పనిలో లోపం చూపే ఆధారమేదీ లేదంది. అసలు తప్పు ఆ ఫారంలోనే ఉందనీ, అలాంటి ప్రశ్నలు తీసేయాలనీ చెప్పింది.

ఇది గొప్ప గెలుపే. అయినా ఆ తీర్పు చదివినప్పుడల్లా ఒకచోట ఆగిపోతాను. స్త్రీ ఇవన్నీ ఎందుకు చెప్పలేదంటే, సిగ్గూ ఆత్మగౌరవమూ అడ్డొస్తాయని న్యాయమూర్తులు అన్నారు. అడిగే అధికారం నీకు లేదు అనడం వేరు, చెప్పడానికి ఆమెకు సిగ్గు అనడం వేరు. మొదటిది హక్కు. రెండోది మనకు చిన్నప్పుడే నేర్పిన పాఠం. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని అదే న్యాయస్థానం తేల్చి చెప్పడానికి 2017 దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ తర్వాతైనా ఇలాంటి ఆలోచన పోలేదు. 2021 డిసెంబరు చివర్లో స్టేట్ బ్యాంకు, మూడు నెలలు దాటిన గర్భిణులు ఉద్యోగంలో చేరడానికి తాత్కాలికంగా అనర్హులంది. నిరసనలు వచ్చాక నెల తిరక్కుండానే దాన్ని పక్కన పెట్టింది.

1929 బొంబాయి ప్రసూతి చట్టం మొదలు 1961 చట్టం వరకు సెలవు మనకు ఎవరూ ఊరికే ఇవ్వలేదు, పోరాడి తెచ్చుకున్నాం. కానీ సెలవు అడిగిన ప్రతిసారీ శరీరం ఒక ఫైలుగా మారుతోంది. 1992లో బీహార్ ప్రభుత్వం తన ఉద్యోగినులకు నెలకు రెండు రోజుల ప్రత్యేక సెలవు ఇచ్చింది. మంచిదే. ఆ రెండు రోజులు ఎందుకో ఆఫీసంతటికీ తెలుస్తుంది కదా అని వెనకాడిన ఆడవాళ్ళ మాటేమిటి? "విశ్రాంతి అవసరం" అని డాక్టరు రాస్తే చాలనే చట్టం కావాలి మనకి. ఎందుకు అవసరమో ఆమెకూ డాక్టరుకూ తెలిస్తే చాలు.

నా సెలవు చీటీ ఆ కాలేజీ ఫైల్లో ఇంకా ఉండే ఉంటుంది. అందులో నాకు జ్వరం.