పలకపై వ్రాసినదెవరు?

మా తరంలో మార్కాపురం పలకపై అక్షరాలు దిద్దని తెలుగువారు అరుదు. (1970కి పూర్వం మేము కర్నూలు జిల్లావారము.) గనిలో తీసిన రాతిని పొరలుగా చీల్చి, కోసి, నునుపుచేసి, కొయ్యచట్రం బిగించేవారు. దానిపై పంతులుగారు వ్రాసిచ్చిన 'అ'కారమే బాలునికి ప్రమాణం. ఆ వ్రాత ఎవరిదో ఊరంతటికీ తెలుసు; తప్పయితే అడగవచ్చు. నిఘంటువుల సంగతీ అంతే. ఇది బ్రౌను చెప్పిన అర్థమనో, శబ్దరత్నాకరంలోనిదనో పేరు చెప్పనిదే మా పండిత శిక్షణలో వాదం చెల్లేది కాదు.

కృత్రిమ మేధకు అక్షరాభ్యాసం జరిగిన పలక వేరు. 2009లో అమెరికాలో వెలువడిన ఇమేజ్‌నెట్ అనే చిత్రసంచయంలో క్రమంగా 1 కోటి 40 లక్షల బొమ్మలు చేరాయి. వాటికి పేర్లు తగిలించినవారు అంతర్జాలంలో కూలికి పనిచేసిన అనామకులు. ఆ పేర్లు వర్డ్‌నెట్ అనే పదకోశంలోనివి.

2019లో కళాకారుడు ట్రెవర్ పాగ్లెన్, పరిశోధకురాలు కేట్ క్రాఫర్డ్ కలిసి ఇమేజ్‌నెట్ రూలెట్ అనే కళాకృతిని రూపొందించారు. మిలాన్ నగరంలో ప్రదర్శించారు, అంతర్జాలంలోనూ ఉంచారు. ఎవరైనా తమ ముఖచిత్రాన్ని ఇస్తే చాలు, యంత్రం వారికొక పేరు పెట్టేది. కొందరికి జాతిదూషణ దక్కింది, కొందరిని నేరస్థులన్నది. ఏ ఆధారంతో అన్నదో చెప్పే పంతులెవరూ లేరు! కళ అంటే అలంకారమేనని నమ్మేవారు ఈ కృతిని తప్పక తెలుసుకోవాలి.

ఆ సెప్టెంబరులోనే ఇమేజ్‌నెట్ నిర్వాహకులు మనుషుల బొమ్మలలో 6 లక్షలు తొలగిస్తామని ప్రకటించారు. అప్పటికి ఆ సంచయం పుట్టి పదేళ్లయింది.