అత్యవసర పిలుపులో పక్షవాత గుర్తింపు: చారిత్రక, భాషాపరమైన పరిశీలన

పక్షవాతం ప్రాచీనమైన వ్యాధి. దానిని గంటలతో కొలవడం మాత్రం ఇటీవలి విషయం. చరక, సుశ్రుత సంహితలు దీనిని వాతరోగాలలో చేర్చి, శరీరంలో ఒక పక్షం చచ్చుబడడాన్ని పక్షవధం, పక్షాఘాతం అనే పేర్లతోను, ముఖం వంకరపోవడాన్ని అర్దితం అనే పేరుతోను వేరు చేసి చెప్పాయి. తెలుగు బైబిలులో ఇదే పక్షవాయువు అయింది. ఈ పేర్లన్నీ రోగికి మిగిలిన స్థితిని చెప్పేవే కాని, ముంచుకొస్తున్న గడువును సూచించేవి కావు. 1995లో అమెరికాలో వెలువడిన ఎన్.ఐ.ఎన్.డి.ఎస్. పరిశోధన, రక్తపు గడ్డను కరిగించే మందును 3 గంటలలోపు ఇస్తే వైకల్యం తగ్గుతుందని నిరూపించింది. 2008లో ఐరోపా పరిశోధన ఆ గడువును 4.5 గంటలకు పొడిగించింది. ఆ గడువు ఏర్పడిన తరువాతే ఇంటి నుంచి వెళ్లే మొదటి ఫోను చికిత్సలో భాగమైంది.

తెలుగు నేలపై ఆ ఫోనుకు 108 అనే సంఖ్య 2005 ఆగస్టు 15న వచ్చింది. హైదరాబాద్ కేంద్రంగా, సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు చొరవతో ఇ.ఎం.ఆర్.ఐ. సంస్థ దీనిని ప్రారంభించింది. 2009లో సత్యం కుంభకోణం బయటపడిన తరువాత నిర్వహణ జి.వి.కె. చేతికి మారింది. ఊరి మనిషి మాటను నగరంలోని ఉద్యోగి విని నిర్ణయం తీసుకునే పద్ధతి దీనితో పల్లెలకు అలవాటైంది.

2016 అక్టోబరులో మెదక్ నుంచి విడివడిన సిద్దిపేట జిల్లాలోని దౌల్తాబాద్ మండలాన్ని ఉదాహరణగా తీసుకుంటే ఆ నిర్ణయంలోని చిక్కు తెలుస్తుంది. ఊరి పేరు దగ్గరే మొదటి తడబాటు. వికారాబాద్ జిల్లాలో, కొడంగల్ వైపు, మరొక దౌల్తాబాద్ మండలం ఉంది. దాని తరువాతిది వ్యాధి పేరు. పిలిచేవారు పక్షవాతం అనరు. అనగలిగితే రోగాన్ని వారే గుర్తించినట్లు. ‘మూతి వంకర వొయ్యింది’, ‘మాట వస్తలేదు’, ‘చెయ్యి లేస్తలేదు’ అంటారు. పేరు చెప్పేవారు పచ్చవాతమనో, పెరాలసిస్ అనో చెప్పవచ్చు. గాలి సోకిందనే నమ్మకమూ పూర్తిగా పోలేదు. ‘పడిపోవు’ అనే ఒక్క క్రియను చూస్తే చాలు. మనిషి పడిపోతే అది కింద పడడం. చెయ్యి పడిపోతే పక్షవాతం. మాట పడిపోతే అదీ మెదడుకు సంబంధించినదే. గొంతు పడిపోతే జలుబు. పైగా తెలుగులో కర్తను వదిలేసి మాట్లాడడం సహజం. కంగారులో ‘ఉన్నట్టుండి పడిపోయింది’ అన్న ఇల్లాలి మాటలో పడిపోయింది అత్తగారా, ఆమె చెయ్యా?

ఈ పనిని యంత్రానికి అప్పగించే ప్రయత్నం డెన్మార్క్‌లో జరిగింది. కోపెన్‌హాగెన్‌లోని కోర్టి సంస్థ యంత్రం మొదట గుండె ఆగిపోయిన సందర్భాలను వినడం నేర్చుకుంది. 2019లో ప్రచురితమైన అధ్యయనంలో అది 84.1 శాతం గుర్తించగా, ఉద్యోగులు గుర్తించినది 72.5 శాతం. అయితే 2021లో ప్రచురితమైన యాదృచ్ఛిక పరీక్షలో, యంత్రం హెచ్చరించినా ఉద్యోగుల గుర్తింపు చెప్పుకోదగినంతగా మెరుగుపడలేదు. యంత్రం వినడం వేరు, దాని మాట మనిషి వినడం వేరు. తరువాతి ఉత్సాహంలో ఈ రెండవ ఫలితాన్ని ప్రస్తావించేవారు తక్కువ.

పక్షవాతంపై కోపెన్‌హాగెన్ వైద్య సహాయవాణి పిలుపుల అధ్యయనం 2023లో వచ్చింది. పిలుపును ముందు లిపిలోకి మార్చి, ఆ పాఠంలో పక్షవాతపు ఆనవాళ్లను వెదకడం దాని పద్ధతి. ఉద్యోగులు 52.7 శాతం రోగులను గుర్తిస్తే యంత్రం 63.0 శాతాన్ని గుర్తించింది. దాని హెచ్చరికలలో నిజమైనవి 24.9 శాతం, ఉద్యోగులవి 17.1 శాతం. నాలుగు హెచ్చరికలకు మూడు తప్పు! అయినా సగానికి దగ్గరగా రోగులు చేజారుతున్న చోట ఈ పది శాతం చిన్నది కాదు. ఇది పాత పిలుపులపై జరిగిన పరీక్ష అన్నది మరువరాదు.

తెలుగుకు ఈ పద్ధతిని అన్వయించేటప్పుడు మొదటి మెట్టే కీలకం. పత్రికా భాషపై, చదివి వినిపించిన వాక్యాలపై శిక్షణ పొందిన యంత్రం ‘లేస్తలేదు’ను ‘లేదు’గా రాసుకుంటే రోగలక్షణం అక్కడే పోతుంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ సామాన్యుల నోటి తెలుగును సేకరించడం ఈ దృష్ట్యా విలువైన పని. కాని నింపాదిగా మాట్లాడిన మాట, భయంతో అరిచిన మాట ఒకటి కావు. మాండలిక అధ్యయనాలు సైతం కథలను, వృత్తి పదాలను సేకరించినంత శ్రద్ధగా ఆపద వేళ పలుకును సేకరించలేదు.

రెండవ మెట్టు భాషది కాదు. డెన్మార్క్‌లో ప్రతి పౌరుడికీ 1968 నుంచి ఉన్న వ్యక్తిగత సంఖ్య వల్ల పిలుపును, ఆసుపత్రి నిర్ధారణను జతచేయడం సాధ్యమైంది. ఏ పిలుపు నిజంగా పక్షవాతమో యంత్రానికి అలా తెలిసింది. దౌల్తాబాద్ నుంచి బయలుదేరిన రోగిని గజ్వేల్‌లో ఒకరు, సిద్దిపేటలో మరొకరు చూసి, చివరకు హైదరాబాద్‌లో స్కానింగ్ చేయించవచ్చు. ఆ స్కానింగ్ ఫలితం మొదటి పిలుపు దగ్గరకు తిరిగి చేరాలి. 2021లో జాతీయ స్థాయికి విస్తరించిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఇచ్చే ఆభా సంఖ్యను 108 పిలుపుతో జతపరిస్తే అందుకు దారి ఏర్పడుతుంది. పిలిచినవారి గొంతును ఎవరు, ఎంతకాలం దాచవచ్చునన్న ప్రశ్న కూడా అప్పుడే ఎదురవుతుంది.