దుమ్ముగూడెం లాకులు ఎవరి కోసం?

రైతన్నలూ, వనస్థలిపురం మీదుగా భద్రాచలం పోతే, దర్శనం అయినంక ఇంకొంచెం పైకి దుమ్ముగూడెం దాకా పోయి రండి. కాటన్ దొర అనంగనే మనకు ధవళేశ్వరం ఆనకట్ట, డెల్టా వరి యాదికొస్తయి. దుమ్ముగూడెం కథ వేరే. ఇక్కడ గోదావరి నిండా బండరాళ్లు, పడవ ఎక్కదు. అందుకే ఆనకట్ట కట్టి, పక్క నుంచి కాలువ తీసి, లాకులు పెట్టిన్రు. పడవ లోపలికి రాంగనే వెనక తలుపు మూసి, నీళ్లు నింపి, మెట్టు ఎక్కించినట్టు పైకి లేపుడన్నమాట.

ఇదంతా మన పొలాలకు కాదు. నాగపూర్ దిక్కు పత్తిని సముద్రానికి దింపి ఇంగ్లండ్ మిల్లులకు పంపేటందుకు! 1867లో నాగపూర్‌కు రైలే వచ్చింది. 1871లో పనులు బందు. పైన ఇచ్చంపల్లి కాడ కట్టడం సగంలనే మిగిలింది. ఆ పేరే ఇయ్యాల గోదావరి–కావేరి లింకు మాటల్ల మళ్ల వినవడుతున్నది.