అన్న నేర్చిన తమ్ముని భాష

ఉద్యోగ విరమణానంతరం రఘునాథపల్లిలో నాకు మిగిలిన వ్యాసంగాలు రెండు: ఛందస్సు, కంప్యూటరు. రెండవదానిలో నేనింకా విద్యార్థినే. అందులో నేర్చిన ఒక పాఠపు పూర్వకథ ఇది.

యూనిక్స్ వంశంలో బీఎస్‌డీ జ్యేష్ఠ శాఖ. 1978లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రాంగణంలో జన్మించింది. లినక్స్ 1991లో లైనస్ టోర్వాల్డ్స్ చేతిలో పుట్టిన అనుజుడు. 1992లో యూనిక్స్ హక్కుదారులు వేసిన దావా 1994లో రాజీతో ముగిసింది. ఆ సందిగ్ధకాలం తమ్మునికి కలిసివచ్చిందని పలువురి అభిప్రాయం. క్రమంగా ఎన్నో ప్రోగ్రాములు లినక్స్‌కు మాత్రమే తయారు కాసాగాయి. అన్న తమ్ముని భాష నేర్వక తప్పలేదు. 1995 నాటి ఫ్రీబీఎస్‌డీ 2.1లోనే ఆ విద్య ప్రవేశించింది.

ఇది వేషధారణ కాదు. వచ్చినది లినక్స్ ప్రోగ్రామని కెర్నెల్ దాని ముద్రను బట్టి గుర్తించి, దాని పిలుపులకు దాని మర్యాదలోనే బదులిస్తుంది. అయితే అతిథికి భాష ఒక్కటే చాలదు, అలవాటైన గదులు కూడా కావాలి. ప్రాసెసరు, మెమరీ వివరాలకై అది 'ప్రాక్'లో వెదకుతుంది. అందుకే 'కంపాట్' కింది లినక్స్ డైరెక్టరీలో ప్రాక్ స్థానాన లిన్‌ప్రాక్‌ఎఫ్‌ఎస్‌ను, సిస్ స్థానాన లిన్‌సిస్‌ఎఫ్‌ఎస్‌ను, డెవ్ స్థానాన డెవ్‌ఎఫ్‌ఎస్‌ను, దానిలోని షమ్ స్థానాన టెంప్‌ఎఫ్‌ఎస్‌ను మౌంట్ చేయాలి. వ్యాకరణంలో స్థానివద్భావమంటామే, అదే ఇది: స్థానంలోకి వచ్చినది స్థాని వలెనే ప్రవర్తించాలి.

మౌంట్ అంటే నల్లబల్లపై పటం తగిలించడమే. కింది రాత చెరగదు, కనబడదంతే. పటం తీస్తే మళ్ళీ కనిపిస్తుంది. ఇది తెలియక నేను ఎఫ్‌స్టాబ్ ఫైలులో షమ్ పంక్తిని ముందు, డెవ్ పంక్తిని తరువాత వ్రాశాను. పెద్ద పటం చిన్న పటాన్ని కప్పేసింది. ప్రోగ్రాము మొరాయించింది, రెండు రాత్రులు నిద్ర లేదు. చివరకు పంక్తుల వరుస మార్చగానే నడిచింది. నలభై ఏళ్ళు పిల్లలకు పదక్రమం బోధించినవాణ్ణి, క్రమభంగంలోనే చిక్కుకున్నాను! నేటి ఫ్రీబీఎస్‌డీలో లినక్స్ సేవను ప్రారంభిస్తే ఈ మౌంట్లన్నీ తామే సవ్యంగా జరిగిపోతాయి.

ఆతిథ్యానికి ఖర్చుంటుంది. ఓపెన్‌బీఎస్‌డీ 2016లో తన లినక్స్ సదుపాయాన్ని తొలగించింది. ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేను. కానీ చిన్నవాని భాష నేర్చుకోవడానికి సిగ్గుపడని పెద్దరికం పట్ల, ఈ వయసులో, నాకు గౌరవం మరింత పెరిగింది.