చొక్కా ఎవరు తొడుగుతారు?

లండన్ డాక్టర్ విలియం జాన్ లిటిల్‌కు చిన్నప్పుడే పోలియో వచ్చి పాదం వంకరపోయింది. 1836లో జర్మనీ వెళ్లి ఆపరేషన్ చేయించుకున్నాడు, ఆ విద్యనూ నేర్చుకొచ్చాడు. కాళ్లూచేతులూ బిగుసుకుపోయిన పిల్లల మీద అతనికి అంత ఆసక్తి ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. కష్టకాన్పు, నెలలు నిండకపోవడం, పుట్టగానే ఊపిరందకపోవడం ఈ బిగుసుకుపోవడానికి కారణాలని 1861లో వాదించాడు. అప్పటినుంచి చాలాకాలం సెరిబ్రల్ పాల్సీకి ‘లిటిల్ జబ్బు’ అనే పేరు. 1897లో నరాల డాక్టర్ సిగ్మండ్ ఫ్రాయిడ్ అడ్డు తగిలాడు: కాన్పు కష్టమవడమే గర్భంలో అంతకుముందు జరిగిన లోపానికి గుర్తేమో!

తగవంతా కారణం గురించే. ఆ తర్వాత కూడా డాక్టర్ల చూపు ఎక్కువగా కండరం బిగువు మీద, కీలు వంగే కోణం మీద నిలిచింది. పిల్లవాడు చొక్కా తానే తొడుక్కుంటాడా, అమ్మ తొడగాలా అన్నది ఇంటి సంగతిగా మిగిలిపోయింది.

ఆ ఇంటి సంగతినే 1992లో బోస్టన్ పరిశోధకులు స్టీఫెన్ హేలీ, వెండీ కోస్టర్ బృందం ‘పెడి’ అనే కొలమానంగా తెచ్చింది. తిండి, స్నానం, బట్టలు, నడక, నలుగురితో మెలగడం... బిడ్డ ఏం చేయగలడో, పెద్దవాళ్లు ఎంత చేయి వేయాలో తల్లిదండ్రులనే అడిగి రాసుకోవచ్చు. అమ్మ మాట కొలతలోకి ఎక్కింది.

1997లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం నుంచి పలిసానో, రోజెన్‌బామ్ బృందం కదలికలను ఐదు స్థాయిలుగా విడగొట్టింది. 2006లో స్వీడన్‌కు చెందిన ఎలియాసన్ బృందం చేతుల వాడకానికీ ఐదు స్థాయిలు పెట్టింది. పరీక్ష గదిలో ఒక్కసారి గొప్పగా చేసి చూపిస్తే ఇక్కడ లెక్కలోకి రాదు. మామూలు రోజున ఇంట్లో, బడిలో ఏం చేస్తాడన్నదే లెక్క.

అయితే ‘పెడి’ ప్రశ్నల్లో ఫోర్కు ఉంది, రొట్టెకు వెన్న రాసే కత్తి ఉంది. పప్పన్నం కలిపి ముద్ద చేసుకోవడం వేరే పని. వేళ్లన్నీ కూడాలి, అరచేయి తడవాలి, మెతుకులు జారకూడదు. మన ఇళ్లలో ప్రశ్న అక్కడ మొదలవ్వాలి.

తెలుగు జిల్లాల్లో ఏళ్లుగా బిడ్డను ఎత్తుకుని, వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం శిబిరానికి వెళ్లిన తల్లి చేతికి వచ్చింది మాత్రం వైకల్యం శాతం లెక్క. 40కి తగ్గితే పింఛను లేదు.