రా ఫొటోల ప్రివ్యూ వేగం

డిజిటల్ కెమెరా సెన్సర్ మీద పడిన వెలుగు లెక్కను దాదాపు ఉన్నదున్నట్టుగా దాచే ఫైలు రా ఫైలు. క్యానన్‌లో సీఆర్2, సీఆర్3, నికాన్‌లో ఎన్‌ఈఎఫ్, సోనీలో ఏఆర్‌డబ్ల్యూ అని పేర్లు వేరైనా, లోపల ఉన్నది చూడదగ్గ బొమ్మ కాదు, దానికి కావలసిన ముడిసరుకు. వేల ఫొటోలను వరసగా చూపించి ఏరుకోనివ్వాల్సిన క్యాటలాగ్ సాఫ్ట్‌వేర్లకు మొదటినుంచీ ఇదే చిక్కు. దీన్ని విప్పిన చరిత్ర చాలావరకు పని తప్పించుకునే ఉపాయాల చరిత్రే.

కోడాక్ ఇంజనీరు బ్రైస్ బేయర్ పేరిట 1976లో పేటెంటయిన వడపోత అమరికనే నేటి కెమెరాల్లో ఎక్కువభాగం వాడుతున్నాయి. ప్రతి పిక్సెల్ ఒక్క రంగునే కొలుస్తుంది. సగం ఆకుపచ్చ, పావువంతు ఎరుపు, పావువంతు నీలం. లేని రెండు రంగులనూ చుట్టుపక్కల పిక్సెళ్లను బట్టి లెక్కకట్టాలి. 6000×4000 పిక్సెళ్ల ఫొటోకు 14 బిట్ల చొప్పున ముడి సమాచారం 42 మెగాబైట్లు. మూడు రంగులూ నింపి 16 బిట్లలో పరిస్తే 144 మెగాబైట్లు. తర్వాత వైట్ బ్యాలెన్స్, రంగుల మార్పిడి, కాంట్రాస్ట్. ఇదంతా చేసి చివరికి స్క్రీన్ మీద చూపేది బొటనవేలంత బొమ్మ.

దారి చూపింది కెమెరాయే. తన వెనక స్క్రీన్ మీద చూపించడానికి అది రా ఫైలు లోపలే ఒక జేపెగ్ బొమ్మను దాచుకుంటుంది. దాన్ని బయటికి లాగితే పై లెక్కలేవీ అక్కర్లేదు. 1990ల చివర్లో వచ్చిన ఫొటో మెకానిక్ అనే సాఫ్ట్‌వేర్ పత్రికా ఫొటోగ్రాఫర్ల మెప్పు పొందింది ఈ ఉపాయంతోనే. డేవ్ కాఫిన్ 1997లో మొదలుపెట్టిన డీసీరా అనే ఉచిత ప్రోగ్రాంలోనూ దాచిన బొమ్మను తీసే ఆప్షన్ ఉంది. దానితోపాటు, నాలుగు పిక్సెళ్లను ఒకటిగా కలిపి సగం సైజు బొమ్మను చప్పున తయారుచేసే ఆప్షన్ మరొకటి ఉంది. రంగుల ఊహే అవసరం లేని ఆ రెండోది ఎక్కువ తెలివైన ఉపాయం, పేరు మాత్రం తక్కువ.

దాచిన జేపెగ్ సౌకర్యానికి హద్దులున్నాయి. ప్రొద్దుటూరులోనో పులివెందులలోనో పెళ్లి ఆల్బం కోసం ఇంటిల్లిపాదీ స్టూడియో కంప్యూటర్ ముందు కూర్చుంటే అవి బయటపడతాయి. తలంబ్రాల దగ్గర ఒకే క్షణానికి ఐదారు ఫ్రేములుంటాయి. పెళ్లికూతురి కళ్లు ఎందులో సరిగ్గా ఫోకస్ అయ్యాయో తేలాలంటే నూరు శాతం జూమ్ చెయ్యాలి. సోనీ కెమెరాలు చాలావాటిలో దాచిన బొమ్మ 1616×1080 మాత్రమే కాబట్టి అంత జూమ్‌కు అది చాలదు.

వెలుగునీడల గొడవ వేరు. దాచిన జేపెగ్ కెమెరా వండిన బొమ్మ. జమ్మలమడుగు దగ్గర గండికోటలో పెన్నా లోయ మీద సూర్యోదయం తీస్తే, అందులో ఆకాశం తెల్లగా కాలిపోయి, ఎర్రరాతి గోడలు నల్లగా మూసుకుపోయి కనిపించవచ్చు. రా సమాచారంలో ఆ రెండూ ఇంకా మిగిలే ఉండవచ్చు. ప్రివ్యూను నమ్మి డిలీట్ కొట్టిన ఫ్రేమే ఆ రోజు తీసినవాటిలో మంచిది కావచ్చు. 2014లో వచ్చిన ఫాస్ట్‌రావ్యూయర్ అనే సాఫ్ట్‌వేర్ హిస్టోగ్రాంను (వెలుగుల పంపిణీ గ్రాఫును) నేరుగా రా సమాచారం నుంచే చూపించడానికి కారణం ఇదే.

ఇంకో దారి, బొమ్మను ముందే వండి పెట్టుకోవడం. రా ఫైళ్లను తెరిచే అడోబీ కెమెరా రా 2003లో వచ్చింది. 2005లో యాపిల్ అపెర్చర్, 2007లో అడోబీ లైట్‌రూమ్ వచ్చాక క్యాటలాగు, ఎడిటింగు ఒకచోట చేరాయి. లైట్‌రూమ్ ప్రివ్యూలను ముందే తయారుచేసి, వేర్వేరు సైజుల్లో వేరే ఫోల్డర్లో దాచింది. చిన్న గడికి చిన్నది, జూమ్‌కు పూర్తి సైజుది. రాత్రి కార్డులు కాపీకి పెట్టి, ప్రివ్యూల తయారీకి ఆర్డరిచ్చి పడుకుంటే పొద్దున్నే వేగంగా ఏరుకోవచ్చు. నిరీక్షణ పోలేదు, నిద్రవేళకు మారింది. డిస్కు నిండిపోతుందని పూర్తి సైజువాటిని 30 రోజుల తర్వాత తీసేసే సెట్టింగునూ పెట్టారు.

2012లో లైట్‌రూమ్ 4, అడోబీ సొంత రా ఫార్మాట్ అయిన డీఎన్‌జీ ఫైళ్లలోనే త్వరగా తెరుచుకోవడానికి కావలసిన సమాచారాన్ని చేర్చనిచ్చింది. మరుసటి ఏడాది స్మార్ట్ ప్రివ్యూలొచ్చాయి. మొదట్లో పొడవైన వైపు 2540 పిక్సెళ్లున్న ఈ కుదించిన డీఎన్‌జీతో, అసలు ఫైళ్లున్న హార్డ్ డిస్కు దగ్గర లేకున్నా ఎడిటింగ్ సాగుతుంది. 2015లో గ్రాఫిక్స్ కార్డు సాయం ఎడిటింగ్‌కు దొరికింది. గ్రిడ్‌లో బొమ్మలు పరిచే వేగానికి అది పెద్దగా ఒరగబెట్టలేదు.

2017 అక్టోబరులో లైట్‌రూమ్ క్లాసిక్ చివరికి ఫొటో మెకానిక్ దారిలోకే వచ్చింది. దాచిన జేపెగ్‌నే ముందు చూపించి, తన బొమ్మను తర్వాత తయారుచేసుకునే పద్ధతిని మెరుగుపరిచింది. ఉచిత సాఫ్ట్‌వేర్ డార్క్‌టేబుల్ ఈ నిర్ణయాన్ని వాడేవాళ్లకే వదిలింది. ఎంత సైజు దాటాక దాచిన బొమ్మ మానేసి రా ఫైలును ప్రాసెస్ చెయ్యాలో సెట్టింగుల్లో చెప్పుకోవచ్చు.

ఇటీవలి బరువు కృత్రిమ మేధది. 2023 ఏప్రిల్‌లో లైట్‌రూమ్‌లో చేరిన డీనాయిస్, చీకట్లో తీసిన ఫొటోల గరుకును తీసేస్తుంది. గ్రాఫిక్స్ కార్డు మామూలుదైతే ఒక్కో ఫొటోకు నిమిషాలు పట్టవచ్చు. మొదట్లో ఆ ఫలితాన్ని అది వేరే డీఎన్‌జీ ఫైలుగా రాసేది, దానికి మళ్లీ ప్రివ్యూ తయారవ్వాల్సి వచ్చేది.